శుభ్రం చేసిన చెరువు

చెరువుగట్టు ఎక్కగానే దుర్గాభవాని ఠక్కున ఆగిపోయింది. తుంగ లేదు, జమ్ము లేదు, ఒక్క తామరాకైనా లేదు. వాటితో పాటు పిట్టలూ లేవు.

ఆమె అమలాపురంలో జంతుశాస్త్రం లెక్చరరు. ఏటా చలికాలంలో విద్యార్థుల్ని వెంటేసుకొచ్చి ముమ్మిడివరం చుట్టుపక్కల నీటిపక్షుల్ని లెక్కపెడుతుంది. ఈసారి లెక్క మీద చెరువు బతుకే ఆధారపడి ఉంది. చుట్టూ పొలాలన్నీ రొయ్యల గుంటలైపోగా మిగిలిన మంచినీటి చెరువు ఇదొక్కటే. దీన్నీ రొయ్యలకి కౌలుకిచ్చేద్దామని పంచాయతీలో సగంమంది పట్టు. పిట్టలు వందల్లో ఉన్నాయని కళ్ళకి చూపిస్తే మానేస్తామన్నారు. చూపిస్తానని ఈవిడ మాటిచ్చేసింది.

ప్రెసిడెంటు సూరిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెంబర్లతో, కొబ్బరిబొండాలతో ఎదురొచ్చాడు.

"చెరువు ఇలా అయిపోయిందేంటండీ?"

"బాగు చేయించేనండి. తమరంతా వస్తుంటే ఆ పిచ్చిమొక్కల మధ్య నిలబెట్టేస్తే మాకు మర్యాదాండి?"

కోనసీమ వాళ్ళు అతిథుల్ని తిండి పెట్టి చంపుతారని అంటారు. ఈ మహానుభావుడు ఏకంగా చెరువునే చంపి కూర్చున్నాడు. తిడదామంటే ముఖం నిండా సంబరమే. ఆమెకి ఏడుపొచ్చింది.

"గట్టు మలుపు అవతల కూడా చూద్దామండి."

సూరిబాబు కంగారుపడ్డాడు. "అటొద్దండి. అటేం బాగోదండి."

ఆమె వినలేదు. మలుపు తిరిగేసరికి మనిషెత్తు జమ్ము. దాని నిండా పిట్టలే. నామాలకోళ్ళు, బాతులు, తామరాకుల మీద పిల్లల్ని నడిపిస్తున్న నీటికోళ్ళు. ఇవతలి పిట్టలన్నీ అక్కడే ఇరుక్కుని కాపురం పెట్టాయి. దుర్గాభవాని గట్టుమీదే చతికిలబడింది. అంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

విద్యార్థులు లెక్క మొదలెట్టారు. మెంబర్లు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. సూరిబాబు ఒక్కడే తల దించుకున్నాడు.

"కూలీలు పెళ్ళికెళ్ళిపోయేరండి. పని సగంలో ఆగిపోయింది. ఏమీ అనుకోకండి, రేపు ఇదీ తీయించేస్తాను."

"అంత పని చేయకండి ప్రెసిడెంటు గారూ. వాటి ఇళ్ళు అవేనండి. తినేదీ, గుడ్లు పెట్టేదీ అందులోనే."

అతను పిట్టల్ని చూశాడు. వెనక్కి తిరిగి బోసిపోయిన నీళ్ళని చూశాడు. ముఖం పాలిపోయింది.

"మళ్ళీ మొలుస్తుందాండి?"

"వదిలేస్తే వానాకాలానికి మొలుస్తుందండి."

"ఆయ్" అన్నాడు సూరిబాబు, కాస్త తెరిపిన పడి. తర్వాత మెంబర్ల వైపు తిరిగాడు.

"కౌలు మాట ఇంకెవరూ ఎత్తకండి. ముందు నేను కూల్చేసిన ఇళ్ళు లేవాలి."