మూడేళ్లు కనపడని రెజ్యూమే

రెజ్యూమేలు మూడు రకాలని మా అమ్మాయి స్తుతి చెప్పేదాకా నాకు తెలియదు. ఎప్పుడు ఎక్కడ పనిచేశామో తేదీల వరసలో రాసేది ఒకటి. తేదీల జోలికి పోకుండా ఏమేం పనులు వచ్చో రాసేది రెండోది. రెండూ కలిపి రాసేది మూడోది. కూతురు ల్యాప్‌టాప్‌లో మూడూ చూపించి, ఏది కావాలని వాళ్ల బాపును అడిగింది. ఆయన నోరు తెరవకముందే నేను రెండోదని చెప్పాను.

కారణముంది. తేదీల వరసలో రాస్తే 2019 నుంచి 2022 దాకా ఖాళీ. ఆ మూడేళ్లు నా మొగుడు సాల్మన్ తాగాడు. కరీంనగర్‌లో పన్నెండేళ్లు చేసిన గోదాం కొలువు ఆ తాగుడుకే పోయింది. మానేశాక దొరికినవన్నీ రోజు కూలి పనులే. ఇప్పుడు పెద్దపల్లిలో ఒక రైస్‌మిల్లుకు స్టోర్ ఇన్‌ఛార్జి కావాలట. నలభై ఏడేళ్ల మనిషికి నెల జీతం కొలువు మళ్లీ మళ్లీ రాదు. ఇదీ పోతే బతుకంతా కూలీల అడ్డా మీద నిలబడటమే.

నా ఉపాయం సాల్మన్‌కు నచ్చలేదు. మా మెథడిస్టు సంఘంలో సాక్ష్యం చెప్పే అలవాటుంది. దేవుడు తమను ఎట్లా మార్చాడో ఒక్కొక్కరు నిలబడి చెప్తారు. ఈయనకు అదంటే మహా ఇష్టం. చొప్పదండిలో ఏటా జరిగే సభల్లో చేతికి మైకిచ్చారంటే చాలు, మొట్టమొదటి సీసా నుంచి అందుకుంటాడు. పాస్టరు గారు గడియారం చూపించేదాకా ఆపడు.

"మందిముంగట చెప్పిన ముచ్చటను కాయితంల దాసుడేంది?" అన్నాడు.

సభ వేరు, మిల్లు వేరు, అక్కడ హల్లెలూయ అనేవాళ్లెవరూ ఉండరని కసిరాను. పాపం, నోరు మూసుకున్నాడు.

ఇంటర్వ్యూకు నేనూ వెంట వెళ్లాను. అడిగీ అడగకముందే సాక్ష్యం మొదలుపెడతాడేమోనని నా భయం. బయట బెంచీ మీద కూర్చున్న నన్ను కూడా మేనేజరు భానుప్రసాద్ గారు లోపలికి రమ్మన్నారు. రెజ్యూమే రెండుసార్లు చదివారు. బస్తాల నిల్వ, లారీల లోడింగు, హమాలీల హాజరు, అన్నీ వచ్చినవాడేనని మెచ్చుకున్నారు. తర్వాత కాగితం పక్కన పెట్టారు.

"అన్నీ ఉన్నయ్ గని, తాగిన మూడేండ్లు ఏడబోయినయ్?" అన్నారు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. చొప్పదండిలో సభలు జరిగే గ్రౌండు వెనకే ఆయన ఇల్లట. మైకు సరిగ్గా వాళ్ల కిటికీకి ఎదురుగా కడతారట. మూడేళ్లుగా సాల్మన్ సాక్ష్యం వద్దన్నా చెవిన పడుతోందట. ఊరంతా మోగిన సంగతిని ఒక్క కాగితం మీద దాచబోయిన నా తెలివికి నాకే సిగ్గేసింది. సాల్మన్ తల వంచుకుని కూర్చున్నాడు తప్ప నా పేరు ఎత్తలేదు. అట్లా రాయించింది నేనేనని నేనే ఒప్పుకున్నాను.

భానుప్రసాద్ గారు నా వైపు తిరిగారు. మానేశానని మైకులో ఎవరైనా చెప్తారు, ఇంట్లో మనిషి ఏమంటుందో వినాలన్నారు.

"నిజం చెప్పమ్మా. మల్ల ముట్టలేదా?"

ముట్టలేదంటే అయిపోయేది. కానీ ముట్టాడు. పోయిన ఏడాది వాళ్లన్న చనిపోయిన రోజు. ఆ ముక్క సాక్ష్యంలో లేదు, మా ఇద్దరికే తెలుసు. కొలువు పోతే పోనీ, ఇంకో సంగతి దాచే ఓపిక నాకు లేకపోయింది.

"ఒక్కదినం తాగిండు సార్. వాళ్లన్న సచ్చిపోయిననాడు. తెల్లారి సంది ముట్టలే."

ఆయన పక్కన పెట్టిన కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. జన్మలో ముట్టనని ఒట్లు పెట్టినవాళ్లను చాలామందిని చూశానని, స్టోర్లో బస్తా తగ్గితే తగ్గిందని చెప్పే మనిషి తనకు కావాలని అన్నారు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. ఫైల్లో పెట్టడానికి మాత్రం తేదీలున్న రెజ్యూమే తెమ్మన్నారు, మధ్యలో ఖాళీ లేకుండా.

గేటు దాటగానే అక్కడే గోడ పక్కన కూర్చున్నాను. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎన్నేళ్లకో గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. సాల్మన్ నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. ఆ ఒక్కరోజు సంగతి తనే చెబుదామనుకున్నాడట, నేను తిడతానని ఊరుకున్నాడట. తిట్టేదాన్నే, అబద్ధమెందుకు.

సాయంత్రం స్తుతి మొదటి రకం తెరిచింది. 2019 దగ్గర ఆగి ఏం రాయాలని అడిగింది. ఒంట్లో బాగాలేక అని రాయమనబోయాను. సాల్మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాగిన, పని చెయ్యలే అని రాయి బిడ్డా. గా మూడేండ్లు మీ అవ్వ బీడీలు చేసి ఇల్లు నడిపింది. గది గూడ రాయి."

ఇన్ని సభల్లో, ఇన్ని సాక్ష్యాల్లో, నా బీడీల మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. స్తుతి ఇంగ్లీషులో కొట్టి, ఏం రాసిందో తెలుగులో చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాను.