ఆరువందల వోల్టుల మూల

రోవీనా స్టాడ్లర్ ఓ పెద్ద కంపెనీలో పదహారేళ్లు కంప్యూటర్ చిప్‌లు గీసింది. ఒక్కో చిప్‌లో కోట్ల ట్రాన్సిస్టర్లు. ఆ కంపెనీ ఫీనిక్స్‌లో ఆఫీసు మూసేశాక, విడి ట్రాన్సిస్టర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరింది. ఇక్కడ ఒక్క నల్లటి బిళ్లలో ఒక్కటే ట్రాన్సిస్టర్, దానికి మూడు కాళ్లు. పాత స్నేహితులు మెట్టు దిగావన్నారు. లోలోపల ఆమె కూడా అలాగే అనుకుంది.

తొమ్మిది నెలలకు ఆమె మొదటి డిజైన్ తయారై వచ్చింది. ఆస్పత్రుల్లో రోగులకు ఊపిరి అందించే యంత్రాల కోసం. ఐదువందల నమూనాలు శుక్రవారం నాలుగింటికి వ్యాను ఎక్కాలి. ముందురోజు మొదలుపెట్టి, ఆ ఉదయం కూడా పరీక్షగదిలో ఓర్విల్ టెడ్‌ఫర్డ్ ఒక్కొక్కదాన్నీ వేడిచేసి, ఆరువందల వోల్టులు పెట్టి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. పదకొండింటికి ఒకటి టప్‌మని పేలింది. ఒంటిగంటలోపు ఇంకో రెండు.

మేనేజరు గ్రేడీ వచ్చి, పేలినవి పక్కనపెట్టి మిగతావి పంపేద్దామన్నాడు. ఆ యంత్రాలు తయారుచేసే ఈ కస్టమరు చేజారితే ఈ విభాగమే ఉండదన్నాడు. రోవీనా తలూపింది. కంప్యూటర్‌లో వందసార్లు సరిచూసుకుంది మరి, ఎక్కడా తప్పు కనబడలేదు.

ఓర్విల్ వాదించలేదు. యాసిడ్‌తో పై నల్లపొర కరిగించి, మూడింటినీ మైక్రోస్కోపు కింద పెట్టి, కుర్చీ ఆమెవైపు జరిపాడు. మూడింటికీ కాలిన మచ్చ ఒక్కచోటే ఉంది, లోపలి సిలికాన్ ముక్క అంచు వంపు తిరిగే మూలన.

"మూల ఇంత బిగించి తిప్పావేంటి?"

"చోటు మిగుల్తుందని."

"వోల్టు దాటని చిప్‌లో ఎంత బిగించినా చెల్లుద్ది. ఇక్కడ ఆరువందలు తల్లీ. వంపు చాలకపోతే ఒత్తిడంతా మూలమీదే పడుద్ది."

అలా చోటు మిగిల్చినందుకే చిప్‌ల కంపెనీలో ఆమెకు పేరొచ్చింది. సరిచూడ్డానికి కంప్యూటర్‌కు ఆమె ఇచ్చింది తిన్నగా ఉన్న అంచును మాత్రమే. మూలను ఇవ్వనే లేదు.

"పాసైనవాటికీ ఇదే మూల కదా," అంది.

ఓర్విల్ పాసైనవాటి ట్రేని ఆమె ముందుకు జరిపాడు.

మూడున్నరకు ఆమె గ్రేడీ గదికి వెళ్లింది. కిటికీలోంచి వ్యాను వచ్చి ఆగడం కనిపిస్తోంది.

"అవి పంపొద్దండీ. తప్పు నాది."

"పాసైనవి కూడానా?"

"ఇవాళ పాసయ్యాయి. రేపు ఒక మనిషి ఊపిరి వాటిమీద ఆధారపడి ఉంటుంది."

గ్రేడీ బల్లమీది ఫోను ఆమెవైపు తోశాడు. "అయితే ఫోను నువ్వే చెయ్యి. వాళ్ల తిట్లు నువ్వే తిను."

చేసింది. కస్టమరు ఇంజనీరు అరిచాడు, తర్వాత మూల ఫొటో పంపమన్నాడు, చివరికి ఏడు వారాలు గడువిచ్చాడు. ఆమె వంపు విశాలంగా తిప్పి మళ్లీ గీసింది. సిలికాన్ ముక్క కాస్త పెద్దదైంది. కొత్త ఐదువందలను పరీక్షించిన రెండు రోజులూ ఓర్విల్ పక్కనే నిలబడింది. ప్రతి దానికీ ఊపిరి బిగబట్టింది. ఒక్కటీ పేలలేదు.

అప్పటికే సగం ఆర్డరు వేరే కంపెనీకి వెళ్లిపోయింది. మిగతా సగంతో విభాగం నిలబడింది. గ్రేడీ మాత్రం చాలారోజులు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు.