మడపాయలో పిలిచిన పేరు

చేరువకు జరుగుడు బిడ్డలారా. వెనుకనున్నవారికిని చోటిండు. గోదావరి కడలిలో గలియుచోట మడయడవిలో జరిగిన సంగతి యిది.

హేమంతప్రభాతము. తుహినధవళాంబరము గప్పుకొని నిద్రించునట్లున్న యా నదీముఖమున మేకులవలె బురదనుండి పైకి బొడుచుకొనివచ్చిన యూపిరివేళ్ల నడుమ చిట్టిపీతలు తమతమ బొరియల వాకిళ్ల నిలిచి యొక్కొక్క యెఱ్ఱని పెద్దకాలు నెత్తి యింకను రాని సూర్యుని రమ్మని పిలుచునట్లాడించుచుండెను. నీటికుక్కలు పిల్లలతో గట్టెక్కి యొడలు దులుపుకొనుచుండెను. కొంగలు మునులవలె నొంటికాలిపై నిలిచి మునులు చేయరాని పని చేయుచుండెను.

అట్టివేళ నూకరత్నమను పల్లెపడుచు పాయమొదట నావలో గూర్చుండగా నామె మగడు లోవరాజు నీరు తీసిన బురదలో బీతలకై లోపలికి బోయెను. అంతలో మంచు చిక్కనై చెట్టునకు జెట్టు కానరాకపోయెను. పోటు మొదలయ్యెను. పోటునీరు నిండినచో నా పాయలో మనిషికి నిలువు దొరకదు.

మడలో మనిషిని బేరుపెట్టి పిలువరాదని యచ్చటివారి కట్టు. అడవిలోని దేదియో యా పేరు నేర్చుకొని తానును బిలుచునట. పిలుపు విన్నవాడు పలుకనే రాదు. అందుచేత నావలోనివారు గడతో బలకపై గొట్టుదురు. ఆ చప్పుడు పట్టుకొని లోపలివాడు వెలికివచ్చును.

నూకరత్నము గొట్టెను. ఆవలినుండి యొక యెండుమ్రానిపై వడ్రంగిపిట్టయు గొట్టెను. ఈమె యెంత గొట్టిన నదియు నంత గొట్టెను. మగని యడుగుల చప్పుడు దగ్గఱ గాక దూరమగుచుండెను. అతడు పిట్టవెంట బోవుచున్నాడు.

కాపురమునకు వచ్చినదాదిగా నోట బలుకని పేరును గట్టుదప్పి యఱచెను. అడుగుల చప్పుడాగెను. బదులు మాత్రము రాలేదు. ఆలి గొంతున దన పేరు వాడెన్నడును వినలేదని, దయ్యమని తలచి నోరు మూసికొనెనని యామెకు దోచెను. నీరు నావను మెల్లగా బైకెత్తుచుండెను.

అప్పుడామె గడ పారవైచి నడుమున జేతులుంచుకొని యిట్లనెను.

"ఏమయ్యో, రాత్రి పులుసులో ఉప్పు సాల్లేదని కంచం తోసేసి, నేను తొంగున్నాక గిన్నె అడుగంటా నాకిందెవరయ్యా? దెయ్యానికి తెలుత్తాదా ఆ సంగతి?"

మంచులో నొక దగ్గు. పిదప నవ్వాపుకొను గొంతు.

"ఒసే, ఆపకు. తిడతానే ఉండు. వత్తన్నాను."

ఆమె తిట్టెను. వాని సోమరితనమును, వాని గుఱకను, వాని మేనత్తను గూడ విడువక తిట్టెను. రొమ్ములోతు నీట బీతలబుట్ట నెత్తిన బెట్టుకొని వచ్చినవాని చేయి యొకటి నావయంచు బట్టుకొనగనే యామె కన్నులవెంట నీరు గాఱెను.

మంచు విడిన పిదప నెండుమ్రానిపై నెఱ్ఱజుట్టు పిట్టను జూచి లోవరాజు, "ఇంకాసేపైతే దాని గూటికే కాపురానికెళ్లిపోయేవోణ్ణి" అనెను. నూకరత్నము తడికొంగు పిండి వాని మొగమున గొట్టెను.

ఆపదలో బేరు పరాయిదయ్యెను, పోరు దిక్కయ్యెను. నేటికిని మంచు గ్రమ్మిన యుదయమున నా పాయ మొదట నావలలోని యిల్లాండ్రు పలకలు గొట్టరు. లోపలి మగవారు మొలలోతు నీట నడచుచు దమ తప్పులన్నియు వినుచు నవ్వుమొగములతో వెలికివత్తురు. ఈ ముక్క మఱవకుడు. మీ యింట నెవరైన నలిగి కంచము ద్రోసిన పూట వారిచెంత గూర్చుండి చెప్పుడు.