ఆసియా విప్పని ముడి

నరసరావుపేట వినుకొండ రోడ్డు మీద సాబిరా టైలరింగ్ కొట్టు ఆదివారం పూట తెరిచే ఉంటుంది గానీ, లోపల ఒక్క జాకెట్టు కూడా కుట్టరు. ఆ పూట అక్కడ ముగ్గురు పెద్దవాళ్లు చేరి, జీతంలేని కొలువు గురించి టీల మీద టీలు తాగుతూ వాదించుకుంటారు. సాబిరా గైడ్స్ ఆడపిల్లలకు కెప్టెన్. ఎదురు వరసలో బైకులు బాగుచేసే షాకిర్ స్కౌట్ మగపిల్లలకు మాస్టరు. రిటైరైన టీచరు శేషారత్నం ఇద్దరికీ పెద్దదిక్కు, ముప్పై ఏళ్లుగా పిల్లలకు ముడులు వేయడం నేర్పిన మనిషి. షాకిర్ కూడా ఒకప్పుడు ఆమె క్లాసులో గోడకుర్చీ వేసినవాడే కాబట్టి, ఇప్పటికీ ఆమె ముందు టీ గ్లాసు చప్పుడు కాకుండా కింద పెడతాడు.

వాళ్ల వాదనలు దేశాన్ని ఉద్ధరించేవేమీ కావు. స్కౌట్లు ఎడమచేత్తో కరచాలనం చేస్తారు కదా, ఊళ్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తే పిల్లలు ఏం చెప్పాలి? మన రాతినేలలో గుడారం మేకులు దిగకపోతే తాళ్లు బండరాళ్లకు కట్టవచ్చా? సాబిరాకు ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం. తొమ్మిదో తరగతిలో పెళ్లి చేసి ఆమె చదువు మాన్పించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆమె ఏది అడిగినా "నీకెందుకు" అన్నవాళ్లే తప్ప చెప్పినవాళ్లు లేరు. ఇక్కడ ఎంత చిన్న ప్రశ్న వేసినా శేషారత్నం కళ్లజోడు సర్దుకుని మరీ జవాబు వెతుకుతుంది.

ఆ ఆదివారం మాత్రం ప్రశ్నకు గడువు ఉంది. వినుకొండలో కొండ కింద మూడు రోజుల క్యాంపు. ఎనిమిది మంది ఆడపిల్లల పేర్లు మధ్యాహ్నం పన్నెండు లోపల ఫోన్లో పంపాలి. ఏడు రాసేశారు. ఎనిమిదో పేరు ఆసియాది కావాలని సాబిరా ఆశ. ఎనిమిదో తరగతి పిల్ల, ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా ఎక్కడా ఉండలేదు. గుడారంలో పడుకుంటే లోపలికి నక్షత్రాలు కనపడతాయా మేడం అని ఆర్నెల్ల నుంచి అడుగుతోంది. ఆ పిల్ల యూనిఫాం సాబిరా తన చేతులతో కుట్టిపెట్టింది.

అడ్డం పడింది ఒక ముడి. స్కార్ఫ్ కొసన పిల్లలు పొద్దున్నే ఒక ముడి వేసుకుంటారు. ఆ రోజు ఎవరికైనా ఒక మంచిపని చేసిన తర్వాతే దాన్ని విప్పాలి, చేసింది లాగ్ బుక్కులో రాయాలి. పెద్దవాళ్లకూ అదే పద్ధతి. శేషారత్నం లాగ్ బుక్కుల్లో ముప్పై ఏళ్లుగా ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆమే చెబుతుంది. ఆసియా ముడి మాత్రం నాలుగు ఆదివారాలుగా అలాగే ఉంది. స్కార్ఫ్ ఉతికితే ముడితోనే ఉతుకుతోంది, ఇస్త్రీ చేస్తే ముడి చుట్టూ చేస్తోంది. లాగ్ బుక్కులో నెలంతా తేదీలే గానీ పక్కన ఒక్క అక్షరం లేదు. ఆ పొద్దున డ్రిల్లులో సాబిరా అడిగితే, "ఇంకా కుదర్లేదు మేడం" అని తల దించుకుంది. డ్రిల్లు అయిపోగానే ఇంటికి పరుగు తీసింది.

నెలకు ఇరవై మంచిపనులైనా లేనివాళ్లకు క్యాంపు లేదని ముగ్గురూ కలిసి పెట్టుకున్న నియమం. దాన్ని ఈ పిల్ల కోసం సడలిస్తే మిగతా పిల్లల ముందు తల ఎలా ఎత్తుకుంటాం అంది శేషారత్నం. ఇది బద్ధకం తప్ప ఇంకేమీ కాదని తేల్చేసింది కూడా. షాకిర్‌కు ఇంకో అనుమానం. ముడి తడిసి బిగుసుకుపోయిందేమో, విప్పడం రాక సిగ్గుపడుతోందేమో అన్నాడు. మరి పుస్తకం ఎందుకు ఖాళీగా ఉందని సాబిరా అడిగితే అతను టీ గ్లాసు అందుకున్నాడు.

సాబిరాను తొలుస్తున్నది అది కాదు. పుస్తకంలో ఏదో ఒక అబద్ధం రాసుకోవడం ఎంతసేపు? అలా రాసుకునే పిల్లలు ఎవరెవరో ఆమెకు పేరుపేరునా తెలుసు. ఈ పిల్ల నెల రోజులు ఖాళీ పుస్తకం తెచ్చి చూపించింది. బద్ధకస్తులు అంత నిజాయితీగా ఉంటారా అన్నది ఆమెకు అంతు పట్టలేదు.

ఇక్కడ సాబిరా పెట్టిన ఒక రూలు సంగతి చెప్పాలి. "అమ్మకు గిన్నెలు తోమిపెట్టాను" అనే ఒకే వాక్యాన్ని ఇరవై పుస్తకాల్లో చదివి చదివి ఆమెకు విసుగెత్తింది. ఇంటిపని ఎటూ చేయాల్సిందే, అది లెక్కలోకి రాదు, బయటివాళ్లకు చేసిందే రాయండి అని నెల కిందట పిల్లలకు గట్టిగా చెప్పింది. ఆ వారం నుంచి పుస్తకాలు కళకళలాడిపోయాయి. బస్సులో సీటు ఇచ్చినవాళ్లు, దారి చెప్పినవాళ్లు, దారి తెలిసినవాళ్లను కూడా ఆపి దారి చెప్పినవాళ్లు బయలుదేరారు. సాబిరా తన తెలివికి తానే మురిసిపోయింది.

షాకిర్ గ్లాసు కింద పెట్టి, అక్క వరసతో పిలిచే సాబిరాను ఆ రూలు గురించే అడిగాడు. "అవునుగానీ ఆపా, అసలు బయటోళ్లంటే ఎవరు? మనకాడ పక్కింటామె పిన్ని, ఎదురింటాయన బాబాయి. పంచరు ఏయించుకోటానికొచ్చినోడు గూడా నన్ను అన్నా అనే అంటాడు. ఇంక బయటోళ్లని యాడ నుంచి తేవాల?"

శేషారత్నానికి ఇందులో ప్రశ్నే కనపడలేదు. "వరస కలిపినంత మాత్రాన చుట్టాలైపోరురా. ఒక రక్తమైతేనే ఇంటోళ్లు. మిగతా అంతా బయటోళ్లే" అంది.

సాబిరాకు మాత్రం ఆ ప్రశ్న ఎక్కడో గుచ్చుకుంది. గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. ఇక్కడ కూర్చుని పిల్ల మనసు ఊహించే బదులు వెళ్లి అడిగితే పోతుంది కదా అంది. పిల్లను క్యాంపుకు వద్దనేటప్పుడు ఆ మాట తానే మొహం మీద చెప్పాలని శేషారత్నం కూడా లేచింది. షాకిర్‌ను కొట్టు చూస్తూ ఉండమని, ఇద్దరూ స్కూటీ ఎక్కారు.

ఆసియా వాళ్లది వరసగా ఆరు గదులున్న రేకుల కొంపలో నాలుగోది. తలుపుకు తాళం వేసి ఉంది. వాళ్లమ్మ పిడుగురాళ్ల సున్నపుబట్టీల్లో పనిచేస్తుంది, తెల్లారకుండానే బస్సెక్కుతుంది, ఆదివారమైనా అంతే. ఐదో గదిలోంచి మాటలు వినపడుతుంటే సాబిరా లోపలికి తొంగి చూసింది.

మంచం మీద ఎనభై ఏళ్లు దాటిన ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల అప్పుడే దువ్వినట్టుంది. ఆసియా పక్కన కూర్చుని, మెత్తగా పిసికిన చారన్నం ఒక్కో ముద్దా నోట్లో పెడుతోంది. యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. మెతుకులు పడకుండా స్కార్ఫ్‌ను వీపు మీదికి తోసుకుంది. ఆ కొసన ముడి వేలాడుతోంది.

మేడమ్‌లను చూసి పిల్ల లేవబోయింది. కూర్చోమంది సాబిరా. ఆమె ఎవరని అడిగితే, "నానీ" అంది ఆసియా.

"మీ అమ్మ వాళ్లమ్మా?" అంది శేషారత్నం.

"కాదు మేడం. పీరాంబీ నానీ. మేం ఈడికొచ్చినప్పట్నుంచీ ఈ గదిలోనే ఉంటది. పోయిన ఏడు జారిపడ్డది. అప్పట్నుంచి లేవలేదు."

ఆమెకు ఎవరూ లేరని, బడికి పోయే ముందు ఒళ్లు తుడిచి గంజి పట్టేది, వచ్చాక అన్నం పెట్టేది ఆసియానేనని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. గుమ్మం పక్కన నీళ్ల డ్రమ్ము నిండుగా ఉంది. అది మొదటి గదిలో ఎలిజబెత్ పిన్నిది, పిన్నికి ఏడో నెల, బరువు మోయకూడదు, కొళాయి వచ్చినప్పుడు ఇక్కడ నింపి పెట్టి, తర్వాత బిందెతో తీసుకెళ్లి పోస్తానంది ఆసియా. ఇవన్నీ ఆ పిల్ల ఎంత మామూలుగా చెప్పిందంటే, సాబిరాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

"మరి ఇయ్యన్నీ పుస్తకంలో ఎందుకు రాయలేదే?" అంది.

ఆసియా ఆశ్చర్యంగా చూసింది. "ఇంటిపని లెక్కలోకి రాదని మీరే అన్నారు గదా మేడం."

"ఈమె మీ ఇంటిమనిషి కాదుగా."

"నానీ బయటామె ఏంది మేడం?" అంది పిల్ల. తర్వాత తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించింది. "బయటోళ్ల కోసం చూస్తానే ఉన్నా. ఒకరోజు బస్టాండు దాకా గూడా పోయా. ఓ తాత బస్తా మోస్తంటే ఓ చెయ్యి పట్టా. ఎవరి పిల్లవమ్మా అన్నాడు. మా అమ్మ పేరు చెప్పాను. బట్టీ కాడ చూశాను, నువ్వు నా మనవరాలివి అన్నాడు. ఇంక ముడి ఇప్పబుద్ధి కాలేదు."

శేషారత్నం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. సాబిరాకు సిగ్గనిపించింది. ఇరవై మంది పిల్లలకు బయటివాళ్లను వెతుక్కోమని చెప్పింది తానే. ఈ ఒక్క పిల్ల ఆ మాటను నిజంగా నమ్మి, నెల రోజులు వెతికి, ఊళ్లో ఒక్కళ్లు కూడా దొరక్క ముడి మెడలో వేసుకుని తిరుగుతోంది. మేడం రూలు తప్పని ఆ పిల్లకు అనుమానం కూడా రాలేదు, తన వెతుకులాటలోనే లోపం ఉందనుకుంది.

"తప్పు నాదేనే తల్లీ. చదవటానికి విసుగుపుట్టి పెట్టిన రూలు అది. ఇయ్యాల్టితో తీసేశా. ముడి విప్పు" అంది సాబిరా.

విప్పడానికి రాలేదు. షాకిర్ అన్నది అంతమట్టుకు నిజమే, ఉతికి ఉతికి అది రాయిలా బిగిసింది. సాబిరా పర్సులోంచి సూది తీయబోతుంటే శేషారత్నం వద్దని చెప్పి, ఆ కొస తన ఒళ్లోకి లాక్కుని, గోళ్లతో అటూ ఇటూ సడలించి విప్పేసింది. బట్ట వెలిసినా ముడి లోపలి భాగం మాత్రం కొత్త రంగులోనే ఉంది. క్యాంపుకు బట్టలు సర్దుకో అంది శేషారత్నమే.

ఆసియా మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే మంచం వైపు చూసి, తల అడ్డంగా తిప్పింది. "నేను రాలేను మేడం. మూడు రోజులు నానీకి ఎవరు పెడతారు?"

సాబిరా ఫోన్ తీసింది గానీ పేరు రాయలేదు. కొట్టు మూసి తాను ఇక్కడ ఉందామంటే పిల్లలతో క్యాంపులో ఉండాల్సింది తానే. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఇంతసేపూ ఊరుకున్న పీరాంబీ మంచం మీది నుంచి శేషారత్నాన్ని ఎగాదిగా చూసి, "ఎవరి పిల్లవే నువ్వు?" అంది.

అరవై ఆరేళ్ల శేషారత్నాన్ని ఊరంతా టీచరమ్మ అంటుంది. పిల్లా అని పిలిచేవాళ్లు పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఆసియా చేతిలోంచి గిన్నె తీసుకుని, మంచం అంచున కూర్చుని, మిగిలిన అన్నం ముద్ద చేసింది.

"శేషారత్నాన్ని అక్కా" అంది. తర్వాత ముద్ద నోటికి అందిస్తూ, వెనక్కి చూడకుండానే ఆసియాతో చెప్పింది. "నువ్వు పోయిరా. పొద్దునో సారి, సందేళో సారి నేనొస్తా. చారులో కారం ఎంతెయ్యాలో చెప్పి పో."

సాబిరా గుమ్మంలో నిలబడి ఎనిమిదో పేరు రాసి పంపింది. పీరాంబీకి మూతి తుడిచి, మంచినీళ్లు తాగించి, పడుకోబెట్టాకే శేషారత్నం బయటికి వచ్చింది. స్కూటీ దగ్గర సాబిరాకు ఆమెను కొంచెం ఆటపట్టించాలనిపించింది. ఈ రోజు మీ లాగ్ బుక్కుకు మంచి పని దొరికింది టీచర్‌గారూ, ముడి విప్పుకోండి అంది.

శేషారత్నం నిజంగానే చిరాకుపడింది.

"ఊరుకో సాబిరా. అక్కకి రెండు ముద్దలు పెట్టి, అది గూడా పుస్తకంలో రాసుకుంటారా ఎవరన్నా?"

కొట్టు దగ్గర దిగేసరికి ఆమె స్కార్ఫ్ కొసన పొద్దుటి ముడి అలాగే ఉంది. ముప్పై ఏళ్లలో మొదటిసారిగా, ఆ తేదీ పక్కన ఆమె ఏమీ రాయలేదు.