పోసిన చెయ్యి

తాగుడు మానేశాక తమ్ముడి ఒళ్ళు ఎలా మారుతూ వచ్చిందో అక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె దర్జీ. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. అద్దాల కొట్లో పనిచేసే తమ్ముడు ఆ ఇంట్లోనే ఉంటాడు. ముందు పొట్ట వాపు తగ్గింది. తర్వాత పుల్లల్లాంటి చేతులకు కండ పట్టింది. కొలతలు తీసిన ప్రతిసారీ టేపు కొత్త సంగతి చెబుతుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

అంతవరకూ రావడం తేలికగా జరగలేదు. ఆస్పత్రిలో చేర్చిన కొత్తలో అతని వణుకుకు మంచం కూడా కిర్రుమనేది. లేని చీమలు దుప్పట్లోకి పాకుతున్నాయని ఏడ్చేవాడు.

"అక్కా, దులపవే! మెడ మీదికి వస్తున్నాయి!"

ఆమె ఆ లేని చీమల్ని అతనితోపాటు దులిపింది.

ఇంట్లో తాగుడు ఎలా సాగిందని డాక్టరమ్మ అడిగినప్పుడు అక్క తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. తమ్ముడు తాగి కాలవల్లో పడుతున్నాడని ఒకసారి గదిలో పెట్టి తాళం వేసింది. మందు చుక్క కూడా దొరక్క అతను మూర్ఛతో కొట్టుకుని కొట్టుకుని పడిపోయాడు. నాలుక తెగింది. ఆమె చీరంతా రక్తం. ఆ రోజు నుంచీ సీసా తన బట్టల బీరువాలో దాచి, పొద్దున కాస్త, సాయంత్రం కాస్త తనే పోసి ఇచ్చేది. ఆస్పత్రికి పోదాం రారా అంటే అతను ఒంటికాలి మీద లేచేవాడు.

"ఒక్కసారిగా ఆపేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది, అంతే."

మంచం మీద నుంచి తమ్ముడు ఈ మాట విన్నాడు. అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే నేను లేనే," అన్నాడు.

ఇంటికొచ్చాక అతనికి ఆకలి పుట్టుకొచ్చింది. తీపి కనిపిస్తే వదిలేవాడు కాదు. సబ్బు వాసన ఇంత బాగుంటుందా అని ఆశ్చర్యపోయేవాడు. నిద్ర మాత్రం తొందరగా దారికి రాలేదు. మనసు సంగతి సరేసరి. మిషను చప్పుడుకు చిరాకు, అన్నం చల్లారితే చిరాకు, ఏమీ లేకపోతే ఏమీ లేదని చిరాకు. కొన్నాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు రేడియోలో ఏదో జోకు విని పకపకా నవ్వాడు. వంటగదిలో ఉన్న అక్క ఆ నవ్వుకి గిన్నె జారవిడిచింది. మళ్ళీ కొట్టుకు వెళ్ళి, చెయ్యి వణక్కుండా అద్దం కోసిన రోజున పరుగులాంటి నడకతో వచ్చి చెప్పాడు.

మానేసినవాళ్ళంతా ఒక బడి హాల్లో కలుసుకునేవారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆ సమావేశాలు నడిపేవాడు. ఏడాది నిండినవాళ్ళు ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకొచ్చి మైకు ముందు మాట్లాడాలి. అక్క కొత్త చొక్కా కుట్టి తొడిగింది. తను ఇస్త్రీ చీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది.

తమ్ముడు బాగా మాట్లాడాడు. వణుకు గురించి, చీమల గురించి చెబుతుంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. అక్క కూడా తుడుచుకుంది.

"ఇన్నేళ్ళూ నేనెందుకు మానలేకపోయానో ఇప్పుడు తెలిసింది," అన్నాడతను. "సీసా మా అక్క బీరువాలోనే ఉండేది. పొద్దున్నే ఆవిడే పోసి చేతికిచ్చేది. నేను బాగుపడితే ఇల్లు వదిలి పోతానని ఆవిడ భయం."

చప్పట్లు మోగాయి. అక్క పక్కన కూర్చున్నామె చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుని కొంచెం అటు జరిగింది. అక్కకు తల తీసేసినట్టయింది.

ఇంటిదారిలో ఆమే నోరు విప్పింది.

"డాక్టరమ్మ అన్న మాట చెప్పలేదేంరా?"

"అక్కడ మనసులో ఉన్నది చెప్పాలక్కా. మాస్టారు అలాగే చెప్పమంటారు."

"నీ మనసులో నేను అలా ఉన్నానా?"

"మందు నీ చేతిలో ఉండేది. దాంతో నేనూ నీ చేతిలో ఉండేవాణ్ణి. నీకది బాగానే ఉండేది."

"తాళం వేసిన రోజు నీ నాలుక తెగింది. అదీ చెప్పాల్సింది."

"నాకది గుర్తులేదు."

"నాకుంది కదరా!"

వారం తిరక్కుండా అతను కొట్టు మీది గదికి మకాం మార్చాడు. ఎప్పుడూ జాకెట్లు కుట్టించుకునే ఒకామె, బడి హాల్లో మాట విని, కుట్టీకుట్టని గుడ్డని వెనక్కి పట్టుకెళ్ళింది.

అక్క చాలా రోజులు కుమిలిపోయింది. ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి గదినిండా ఎండ. గుండె గుభేలుమని లేచి కూర్చుంది. అప్పుడు అర్థమైంది, ఇక తమ్ముడు ఎక్కడ పడ్డాడోనని వెతకాల్సిన పని లేదని. ఏళ్ళ తరబడి తలుపు గడియ మీదే చెవి పెట్టుకుని పడుకున్న మనిషి. మెల్లగా ఆమెకూ ఒళ్ళు తేలికపడింది. పళ్ళు బిగబట్టి పడుకున్నందుకు వచ్చే దవడ నొప్పి పోయింది. కోపం మాత్రం పోలేదు.

చలి ముదిరాక తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందక్కా."

"ఆ మాట ఇక్కడ కాదు, అక్కడ అను. ఆ మైకు ముందు."

"అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి మానుతున్నారు. ఇప్పుడు మాట మారిస్తే నన్నెవరు నమ్ముతారు?"

"అంటే, వాళ్ళ కళ్ళలో నేను అలాగే ఉండిపోవాలన్నమాట."

"అక్కా..."

"వెళ్ళిరా."

అతను మెట్లు దిగి వెళ్ళాడు. అడుగు ఎక్కడా తడబడలేదు. అది చూసి ఆమె సంతోషించింది. సంతోషించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. విసురుగా తలుపు వేసి, గడియ పెట్టి, మధ్యాహ్నం దాకా మిషను ముట్టుకోలేదు.