తడిసిన పొద్దుతిరుగుడు

కంచె పక్కన పొద్దుతిరుగుడు పువ్వు తడిసి, తల ఎత్తుకుని నిలబడి ఉంది. అది చూడగానే చిన్నికి గుండె గుభేలుమంది.

పువ్వు నిజమైనది కాదు. చేతిలోని టాబ్లెట్‌లో ఉంది. పలక పట్టని పిల్లలూ, పళ్లూడిన తాతలూ ఒకేలా ఆడుకునే ఆట అది. అందులో గెలుపు లేదు, ఓటమి లేదు, తరుముకొచ్చేవాళ్లు లేరు. ఒక తోట, పక్కనే కొలను, పొద్దున్న పొగమంచు, సాయంత్రం మిణుగురులు. మొక్కలకు నీళ్లు పోసుకోవాలి, తెలిసినవాళ్ల తోటలు చూసి రావాలి. అంతే.

అక్కకు చెవులు బాగా మందగించాక ఫోన్లో మాటలు సాగలేదు. "వినపడలేదే" అని అక్క, "ఏం లేదులే" అని చిన్ని, ఇద్దరూ అలిసిపోయేవారు. వినికిడి యంత్రం కొనిస్తే, "చెవిలో కందిరీగ దూరినట్టుంది" అని సొరుగులో పడేసింది. అప్పటి నుంచి ఈ తోటలే వాళ్ల మాటలు. ఊరికి ఆ చివర అక్క ఒంటరిగా ఉంటుంది, ఈ చివర చిన్ని. అక్క లేవగానే తన తోట తడుపుతుంది. చిన్ని కాఫీ కప్పుతో కూర్చుని ఆ తోటలోకి వెళ్లి చూస్తుంది. మట్టి నల్లగా తడిసి ఉంటే అక్క లేచిందన్నమాట. ఎప్పుడూ పైకి అనుకోలేదు గానీ, అదే వాళ్ల హాజరు.

అయితే ఆ పొద్దుతిరుగుడుకు మాత్రం అక్క చుక్క నీరు పోయదు. ఎవరూ నాటకుండానే మొలిచిందది. "ఎటు ఎండుంటే అటు తిరుగుతుంది, అచ్చం మా ఆడపడుచే. దానికి నేను సేవ చెయ్యను" అంటుంది. ఆ పంతానికి పాపం ఆ పువ్వు నెలల తరబడి తల వేలాడేసుకునే ఉంది.

"ఏవండీ, ఇటు చూడండి."

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంగి చూశాడు. "బాగుందిగా. మా వదిన ఆడపడుచుతో రాజీ పడ్డట్టుంది."

"అక్క రాజీ పడదు."

"మరెవరు పోశారు, దెయ్యమా?"

ఎవరు పోశారో అప్పుడు తట్టింది. మొన్న అక్క పుట్టినరోజు. ఆ రాత్రి పడుకోబోయే ముందు, ఆటలో కొత్తగా వచ్చిన తోటమాలి తాబేలును అక్క తోటలో కానుకగా వదిలింది చిన్ని. పొద్దున్నే చూసి మురిసిపోతుందని ముందుగా చెప్పలేదు. దాని వీపు మీద బుల్లి నీళ్లడబ్బా ఉంటుంది. యజమాని తడపని రోజున అది కొలను నుంచి నీళ్లు మోసుకొచ్చి అన్ని మొక్కలకూ పోస్తుంది. పాపం, దానికి ఆడపడుచులు ఎవరో తెలియదు.

యజమాని తడపని రోజున.

నిన్న కూడా తోట తడిగానే ఉంది. నిన్న చిన్ని కంచె వైపు చూడనే లేదు. హమ్మయ్య అనుకుని దిండు గలీబులు ఉతకడానికి లేచిపోయింది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"వదిన ఎప్పుడు ఎత్తింది గనక?" అన్నాడు భర్త.

"అదేనండీ నా భయం. బాగున్నా ఎత్తదు, బాగోకపోయినా ఎత్తదు."

అతని ముఖంలో నవ్వు పోయింది. చొక్కా గుండీలు అలాగే వదిలేసి టాక్సీ కోసం వీధిలోకి పరిగెత్తాడు.

దారంతా చిన్ని టాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకునే ఉంది. తాబేలు తీరిగ్గా మొక్క మొక్కకూ నడుస్తోంది. రేకుల మీద బిందువులు మెరుస్తున్నాయి. ఎంత అందంగా ఉందో అంత వెన్ను జలదరిస్తోంది. చివరికి దాన్ని బోర్లా తిప్పేసింది.

అక్క తలుపు దగ్గర బెల్లు కొట్టాలని చెయ్యెత్తి దించేసింది. ఎవరి కోసం? తన దగ్గరున్న తాళంచెవి తిప్పింది. తాళం తిరిగింది, తలుపు కదల్లేదు. లోపల గడియ. అంటే అక్క లోపలే ఉంది.

తలుపు వెనక నుంచి పిట్టల కూతలు, నీళ్ల గలగల, వేణువు లాంటి పాట. ఆట సంగీతం. చెవుల సంగతి తెలిసిందే కనుక అక్క ఎప్పుడూ శబ్దం ఆఖరికంటా పెడుతుంది.

ఎదురింటి బస్సు డ్రైవరు బయటికొచ్చాడు. "నిన్నటి నుంచీ అలాగే మోగుతోందమ్మా. పెద్దావిడ హాయిగా ఆడుకుంటోంది గదా అని మేమూ ఊరుకున్నాం."

ఆ మాటకు చిన్ని మెట్టు మీద కూలబడింది.

భర్త ఫోను చేస్తే తాళాలు బాగుచేసే మనిషి వచ్చాడు. "గడియ గట్టిదండీ, కాస్త ఓపిక పట్టాలి" అన్నాడు. వాడి సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా లోపల పిట్టలు అలాగే కూస్తున్నాయి. 'అక్కా, ఒక్క మాట తిట్టు. ఇంత గోల చేస్తున్నాం, ఒక్క తిట్టు తిట్టు' అనుకుంటూ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

తలుపు ఊడింది.

కుట్టుమిషనుకూ మంచానికీ నడుమ అక్క పడి ఉంది. పక్కన తిరగబడ్డ స్టూలు, సగం ఊడిన కర్టెను, చేతికందనంత దూరంలో ఛార్జరుకు తగిలించి ఉన్న టాబ్లెట్. ముఖం బూడిద రంగులో ఉంది. చిన్నికి అడుగు ముందుకు పడలేదు. ముట్టుకుంటే చల్లగా తగులుతుందేమోనని చెయ్యి వెనక్కి లాక్కుంది.

అక్క కళ్లు మెల్లగా ఇటు తిరిగాయి.

"వచ్చావా" అంది, ఎండిన పెదాలతో.

భర్త అంబులెన్సుకు ఫోను చేస్తున్నాడు. చిన్ని నేల మీద చతికిలబడి, చెంచాతో అక్క పెదాలు తడిపింది. సగం నీళ్లు మెడ మీదే పోయాయి.

"నిన్న పొద్దున్నే ఆట తెరిచి, నీళ్లు పోసే ముందు కర్టెను సర్దబోయి పడ్డానే. కాలు కదల్లేదు. పర్లేదులే అనుకున్నా. తోట ఎండితే చిన్ని చూస్తుంది, చూశాక ఆగదు, మధ్యాహ్నానికల్లా గుమ్మంలో ఉంటుంది అని." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "చీకటి పడ్డా రాలేదు. అప్పుడు భయం పట్టుకుందే. నీకే ఏదో అయిందనుకున్నా. రాత్రంతా అదే."

చిన్ని అక్క చెవికి నోరు ఆనించింది.

"తోట ఎండలేదక్కా."

"ఏంటీ?"

"ఎండలేదు. నేనే..."

"గట్టిగా చెప్పవే."

గుమ్మంలో డ్రైవరు, తాళాల మనిషి, గోడవారగా భర్త. చిన్ని గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"నేనే తాబేలును పెట్టానక్కా! నీ బదులు అది పోసింది! అందుకే నిన్న రాలేదు!"

అక్క ఆమె పెదాల వైపే చూసింది. ఏం విందో, ఎంత విందో తెలియలేదు. వేళ్లతో తడుముకుంటూ చిన్ని మణికట్టు పట్టుకుంది.

"అదంతా ఎందుకే. నీకేం కాలేదుగా?"

చిన్ని తల అడ్డంగా ఊపింది. చాలలేదేమోనని మళ్లీ మళ్లీ ఊపింది.