తూముపాళెం రేవులో ఖాళీ గంప

2024 ఫిబ్రవరి 19, సోమవారం ఉదయం ఆరు గంటలకు గంగాభవాని చనిపోయింది. ఇందుకూరుపేట మండలం తూముపాళెం నుంచి నెల్లూరుకు తీసుకెళ్తున్న ఆటోలో, దారిలో చనిపోయింది. వయసు ఇరవై ఆరు. ఇద్దరు పిల్లలు. అంతకుముందు శుక్రవారం ఆమెకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు.

ఆపరేషన్ జరిగింది ఆసుపత్రిలో కాదు, ఒక బడిలో. క్యాంపులు పెట్టకూడదని ఉత్తర్వులు ఉన్నాయి. అందుకని బ్యానరు మీద ‘కుటుంబ సేవా దినం’ అని రాయించారు. పిల్లలకు సెలవిచ్చారు. సర్జన్ మధ్యాహ్నం దాటాక వచ్చాడు, చీకటి పడేలోపు వెళ్ళిపోయాడు. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళను తరగతి గదుల గచ్చు మీద పడుకోబెట్టారు. మత్తు దిగకముందే ఆటోలు ఎక్కించారు.

క్యాంపు నడిపింది సుజీవన సేవా సంస్థ. పునరుత్పత్తి ఆరోగ్యం, జనాభా అభివృద్ధి పేరుతో విదేశీ సాయంతో నడిచే జాతీయ పథకంలో ఈ తీరానికి కాంట్రాక్టు దానిదే. సంస్థ అధ్యక్షుడు పెంచలప్రసాద్. దగ్గరలో ఉన్న ఒకే ఒక్క ఐసు ఫ్యాక్టరీ కూడా అతనిదే. తూముపాళెం చేపకు ఐసు అక్కణ్ణుంచి రావాలి.

ఆ సోమవారం పెంచలప్రసాద్, పాళెంలో తగవులు తీర్చే పెద్దకాపు హజరత్తయ్య ఇంటికి వచ్చి వెళ్ళాడు. తర్వాత హజరత్తయ్య సభ పిలిచి, పిల్ల జ్వరంతో పోయిందని చెప్పాడు. పోలీసులకు కబురు వెళ్ళలేదు. పోస్టుమార్టం జరగలేదు. శవాన్ని పూడ్చిపెట్టమన్నాడు. గంగాభవాని భర్త చెంగయ్య సరేనన్నాడు.

గంగాభవాని తల్లి పేరమ్మ గుంటకు అడ్డం నిలబడింది. డాక్టర్ల చేత కోయించి చూడాలని అడిగింది.

“సభ తీరిపోయింది. సభలో ఆడది మాట్లాడేది యాడన్నా ఉండాదా?” అన్నాడు హజరత్తయ్య.

పాళెంలో అది కట్టుబాటు. ఆడవాళ్ళకు చెప్పుకునేది ఉంటే ఇంటి మగమనిషి సభలో చెప్పాలి. పేరమ్మకు భర్త లేడు. అల్లుడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమెను పక్కకు లాగి గుంట పూడ్చారు.

మార్చి రెండో వారంలో, ఆడవాళ్ళు వలల పాక కింద చేపలు ఎండబెడుతున్నప్పుడు, కరుణాకుమారి వచ్చింది. ఆమె ఆశా కార్యకర్త. రోడ్డు పక్కనున్న క్రైస్తవుల కాలనీలో ఉంటుంది. గంగాభవానిని క్యాంపుకు తీసుకెళ్ళింది ఆమే. ఆ చావు తర్వాత ఆమెను పాళెంలోకి రానివ్వలేదు.

“ఏం మొహం పెట్టుకోని వచ్చినావే?” అని ఒకామె అడిగింది. “మా పాపను ఆటో ఎక్కించింది నువ్వు గదా!”

“నేనే. కాదనలేదక్కా.”

“అక్కా గిక్కా అనబాక.”

“అననులే. చెప్పేది వినండి. రేపు ఢిల్లీ నుంచి మనుషులు వస్తా ఉండారు. పథకం ఎట్టా జరిగిందో విచారిస్తారంట. వాళ్ళ ముందర ఎవురు మాట్లాడాలో ప్రసాద్ సారు ఎంచిపెట్టినాడు. ఆపరేషను కానోళ్ళనే ఎంచినాడు. కొత్త చీరలు కూడా పంచినాడు. మిగతా అందరి తరపునా హజరత్తయ్య చెప్తాడంట.”

“నీకెందుకు మా గొడవ? నీ ఉద్యోగం చూసుకోపో.”

“ఉద్యోగమా ఇది? టార్గెట్ లేదంటారు. మనుషుల్ని తేకపోతే మీటింగులో లేపి నిలబెట్టి తిడతారు. భవానికి ఒంట్లో బాగలేదని నాకు తెలుసు. తెలిసే తీసకపోయినా.”

పేరమ్మ లేచింది. కొడుతుందని అనుకున్నారు. కొట్టలేదు.

“నిన్ను ఒదిలేది లేదు,” అంది. “నీ పని తర్వాత చూస్తా. ముందు వాడి పని.”

ఏం చేయాలన్న దాని మీద వాదన జరిగింది. ఢిల్లీ వాళ్ళ కారుకు అడ్డం పడుకుందామన్నారు కొందరు. పోలీసులు ఈడ్చి పారేస్తారని మిగతావాళ్ళు అన్నారు.

“వాడు ఐసు ఆపేసినాడంటే మన మగోళ్ళు మనల్ని తంతారు,” అంది ఒక ముసలామె.

“ఇప్పుడేమన్నా పూలు చల్లతా ఉండారా అవ్వా?” అని ఒక పిల్ల అనగానే అందరూ నవ్వారు. పేరమ్మ నవ్వలేదు.

“సభలో మనకు నోరు లేదు,” అంది. “రేవులో పాట మొదలైతే నోరు లేంది ఎవురికి?”

తూముపాళెం రేవులో చేపల వేలంపాట ఆడవాళ్ళది. మగవాళ్ళు పడవ దిగి చేపను ఇసుక మీద పోస్తారు. అక్కడితో వాళ్ళ పని అయిపోతుంది. పాట పాడేది పేరమ్మ. గంప కింద పెట్టి ఆమె మొదటి కేక వేశాక, మూడోసారి అనేంతవరకు ఎవరూ రేవు దాటకూడదు. మగవాడు నోరు తెరవకూడదు. తెరిస్తే అతని చేపను ఏ ఆడమనిషీ ఎత్తదు. పెద్దకాపు చేపయినా అంతే.

మర్నాడు ఉదయం ఢిల్లీ బృందం నేరుగా రేవుకే వచ్చింది. వేలం పాడే ఆడవాళ్ళతో ఫొటోలు తీయించాలని ఆ ఏర్పాటు చేసింది పెంచలప్రసాదే. తర్వాత తుఫాను షెల్టరులో విచారణ. పెంచలప్రసాద్, హజరత్తయ్య బృందం పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. బృందానికి పెద్ద ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు. ఆమెకు తెలుగు రాదు. నెల్లూరు నుంచి సుశీల్ కుమార్ అనే అతన్ని మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి పెట్టుకున్నారు.

పడవలు వచ్చాయి. చేప ఇసుక మీద పడింది. పేరమ్మ ఖాళీ గంప తెచ్చి మధ్యలో పెట్టింది.

“ఏందిమే, చేప వెయ్యకుండానే పాటా?” అని పడవ మీద నుంచి ఒకడు అడిగాడు.

“నోరు ముయ్యి. పాట మొదలైంది,” అని పేరమ్మ కేక వేసింది. “గంగాభవాని! నా కూతురు! కోసి చంపినారు. ఎవురికి ఏం జరిగిందో పాడండి!”

వెనక నుంచి ఒకామె ముందుకు వచ్చింది.

“నా కుట్టు విడిచింది. చీము పట్టింది.”

“కుట్టు విడిచి చీము పట్టింది!” అని పేరమ్మ రేటు చెప్పినట్టే చెప్పింది. “ఆ పైన ఎవురు?”

“మత్తెక్కకముందే కోసినారు. అరస్తా ఉంటే నోట్లో గుడ్డ పెట్టినారు.”

“నోట్లో గుడ్డ! ఆ పైన?”

“ఒకరికి వాడిన కత్తే తుడిచి నాకు పెట్టినారు.”

“ఆపరేషను అయినాక నాకు కడుపొచ్చింది. అడగబోతే, మొగుడిదేనా అన్నాడు ఆ ప్రసాదు.”

గుంపులో నవ్వు లేచి ఆగిపోయింది. సుశీల్ కుమార్ అప్పటిదాకా చెబుతున్నవాడు చెప్పడం మానేశాడు. ప్రొఫెసరు అతని వైపు తిరిగింది. మానవద్దని, ప్రతి మాటా చెప్పమని అంది. అతను చెప్పాడు. బృందంలో ఇంకొకామె రాసుకుంది.

“పెద్దాయనా, ఏంది ఈ గోల? చెప్పవయ్యా వీళ్ళకు!” అని పెంచలప్రసాద్ అరిచాడు.

హజరత్తయ్య లేచాడు.

“మామా,” అంది పేరమ్మ, “పాట నడస్తా ఉండాది.”

హజరత్తయ్య ఇసుక మీద పడి ఉన్న తన చేపను చూశాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళను చూశాడు. కూర్చున్నాడు.

అప్పుడు కరుణాకుమారి గుంపులోకి వచ్చింది. కాలనీ వాళ్ళకు ఆ రేవులో పాట పాడే హక్కు లేదు. ఎవరో అదే అన్నారు.

“పాడనీండి,” అంది పేరమ్మ.

“ఆపరేషను గదిలో నేను ఉండా,” అంది కరుణాకుమారి. “లోపల పేగు తెగినట్టుండాది, నెల్లూరుకు పంపించండి అని డాక్టరు అన్నాడు. ఈరోజు వొద్దు, పేరు పోతుంది, కుట్టేసి ఇంటికి పంపీమని ఈ సారు అన్నాడు. నేను విన్నా. విని కూడా భవానిని ఆటో ఎక్కించినా.”

“దీని పైన ఎవురన్నా ఉండారా?” అని పేరమ్మ అడిగింది. “ఒకటోసారి! రెండోసారి!” ఆమె పెంచలప్రసాద్ దగ్గరికి నడిచింది. “నువ్వు పాడు.”

“మీ పాళెంకి ఇంక ఐసు ముక్క రాదు,” అన్నాడతను. “చేప కుళ్ళి చావండి.”

అతను తన కారు వైపు నడిచాడు. చెంగయ్య తన చేప గంప ఎత్తుకుని అతనికంటే ముందు అక్కడికి చేరాడు. కారు తలుపు తీసి గంప లోపల కుమ్మరించాడు.

“కుళ్ళనీ,” అన్నాడు. “నీ కార్లోనే కుళ్ళనీ.”

తర్వాత మిగతా పడవల వాళ్ళు లేచారు. ఆ ఉదయం పట్టిన చేపంతా కారులోకి పోశారు. సీట్లు నిండాక పైన పోశారు. హజరత్తయ్య చేపను ఆయన కొడుకులే మోసుకొచ్చి పోశారు. ఆయన అడ్డు చెప్పలేదు. పెంచలప్రసాద్ ఆ గుంపు మధ్య నిలబడ్డాడు. అతన్ని ఎవరూ కొట్టలేదు. కదలనివ్వలేదు.

“మూడోసారి ఎప్పుడు అంటావ్ పేరక్కా?” అని ఒకామె అడిగింది.

“నా బిడ్డను తవ్వి తీసి కోసి చూసినాక,” అంది పేరమ్మ.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. ప్రభుత్వ పని మీద వచ్చిన బృందాన్ని నిర్బంధించారని కేసు పెట్టారు. తమను ఎవరూ నిర్బంధించలేదని ప్రొఫెసరు చెప్పింది. ఆ మాట ఎస్సై రాసుకోలేదు. పేరమ్మను, కరుణాకుమారిని, ఇంకొందరు ఆడవాళ్ళను జీపు ఎక్కించారు. జీపులో పేరమ్మ కరుణాకుమారికి చోటివ్వలేదు. కరుణాకుమారి కింద కూర్చుంది.

మర్నాడు చుట్టుపక్కల పాళేల్లో ఏ పడవా సముద్రంలోకి దిగలేదు. ఆడవాళ్ళు పోలీసు స్టేషన్ దగ్గరికి నడిచి వచ్చారు. కాలనీ నుంచి కూడా వచ్చారు. సాయంత్రానికి శవాన్ని తవ్వి తీయమని ఉత్తర్వు వచ్చింది. ఆ మరుసటి ఉదయం తహసీల్దారు ముందు తవ్వారు. పేగుకు రంధ్రం ఉందని, దాన్ని కుట్టలేదని పోస్టుమార్టం చేసిన డాక్టర్లు రాశారు. పేరమ్మకు అప్పటికి బెయిలు రాలేదు. పెంచలప్రసాద్‌ను అరెస్టు చేయలేదు.

బృందం తర్వాత వెళ్ళాల్సింది బోగోలు మండలానికి. అక్కడ కూడా క్యాంపులు సుజీవనవే. పెంచలప్రసాద్ వేరే కారులో బృందం వెంట వెళ్ళాడు. అక్కడ ఊరి బయట రోడ్డు మీద ఆడవాళ్ళు మధ్యలో ఖాళీ గంప పెట్టుకుని కూర్చుని ఉన్నారు. బృందం బండికి దారి ఇచ్చారు. వెనక కారును ఆపి, అతన్ని దిగమన్నారు.

దిగాడు.